మార్గమధ్యమున మజిలీ



మన పల్లె సంఘములలో ప్రార్థన విన్నపములు మారినవి. నేను ఈ సేవలో ప్రవేశించిన దినములలో జనులు వర్షము కొరకు, పశువుల రోగము కొరకు, కోర్టు వ్యాజ్యము కొరకు ప్రార్థించుమని అడిగెడివారు. అవి ఇప్పుడును ఉన్నవి. అయితే వాటితోపాటు కువైట్, మస్కట్, దుబాయి, డాలస్ అను పేర్లు కూడ మన ప్రార్థనలలోనికి వచ్చినవి. ఒక తల్లి కుమార్తె పురుటికి అమెరికా వెళ్లవలెను. ఒక విధవరాలు అప్పు తీర్చుటకు గల్ఫు దేశమునకు పనికి పోవలెను. ఒక యౌవనస్థుడు చదువు కొరకు సముద్రము దాటవలెను. వీరిలో అనేకులు జిల్లా దాటి ఒంటరిగా వెళ్లనివారు. వారు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ప్రయాణం కోసం ప్రార్థన చేయండి" అందురు. నేను ప్రార్థన చేయుదును. చేసిన తరువాత, "టిక్కెట్టు కొన్నారా? కొనకముందు ఒకసారి నాకు చూపించండి" అందును.

ఇది కొందరికి వింతగా తోచును. టిక్కెట్టు సంగతి కాపరికేల అని అనుకొందురు. అయితే ఒంటరిగా పోవువాని నెమ్మది చాలవరకు టిక్కెట్టు ఎంచుకొను దినముననే నిర్ణయమగుచున్నది. ప్రార్థించు పెదవులనిచ్చిన దేవుడే లెక్క చూచుకొను బుద్ధిని కూడ ఇచ్చెను. ఒకదానిని వాడి రెండవదానిని మూలన పెట్టుట భక్తి కాదు.

మన యూళ్లనుండి దూరదేశమునకు పోవు విమానము తరచుగా తిన్నగా పోదు. మధ్యలో ఒక పట్టణమున దిగి, కొన్ని గంటలు వేచియుండి, మరియొక విమానమెక్కవలెను. ఆంగ్లములో దానికి లేఓవర్ అని పేరు. మనకు అంతకంటె మంచి మాట ఉన్నది. అది మజిలీ. రైలు రాకమునుపు మన పెద్దలు కాశికి పోయినప్పుడు మజిలీలు చేయుచు పోయెడివారు. ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశి చూచి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆయన తన యాత్రను వ్రాసిపెట్టెను. ఏ మజిలీలో మంచినీళ్లు దొరకును, ఎక్కడ అంగళ్లున్నవి, ఎక్కడ దిగుటకు వసతి యున్నది అని ఊరూరికి వ్రాసెను. తన వెనుక వచ్చువారికి మజిలీ తెలియవలెనని ఆయన కోరిక. గమ్యము అందరికిని తెలిసినదే. మజిలీ తెలియకనే జనులు అలసిపోవుదురు.

నేను మొదటిసారి ఒంటరిగా దేశము దాటినది 2023 మే నెలలో. మా అమ్మాయి డాలస్ నగరమున కాపురమున్నది. ఆమెకు తొలి కాన్పు. ఆ పనికి వెళ్లవలసినది నా భార్య. ఆమె ప్రభువునందు నిద్రించి అప్పటికి 2 సంవత్సరములాయెను. అల్లుని తల్లి మంచము పట్టియుండెను. పురుటింటికి తండ్రి ఒక్కడే పోవుట మన వాడుక కాదు. అయినను మా అమ్మాయి, "నాన్నా, మీరు వచ్చి ఇంట్లో కూర్చున్నా చాలు" అని ఫోనులో చెప్పినప్పుడు నేను మారు మాటాడలేకపోతిని. మా అక్కయ్య సొంఠిపొడి, కాయము చేసి మూటలు కట్టెను. సంఘమువారు సెలవిచ్చిరి. వీసా వచ్చెను. మిగిలినది టిక్కెట్టు.

మా తమ్ముని కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు మూడు టిక్కెట్లు చూచి నా ముందు పెట్టెను.

మొదటిది అన్నిటికంటె చవుక. మిగిలినవాటికంటె 34,000 రూపాయలు తక్కువ. పల్లె కాపరికి అది చిన్న మొత్తము కాదు. అయితే అది ఒక టిక్కెట్టు కాదు, మూడు. హైదరాబాదునుండి ముంబాయికి ఒకటి, ముంబాయినుండి ఐరోపా మీదుగా చికాగోకు ఒకటి, చికాగోనుండి డాలస్‌కు ఒకటి. వేర్వేరు సంస్థలవి, వేర్వేరుగా కొనవలసినవి.

రెండవది దోహా పట్టణము మీదుగా పోవు ఒకే టిక్కెట్టు. అక్కడ మజిలీ 1 గంట 20 నిమిషములు. మూడవదియు దోహా మీదుగానే, అదే వెల. మజిలీ మాత్రము 6 గంటలు.

మా వాడు రెండవదానిని మెచ్చుకొనెను. "పెదనాన్నా, గంటా ఇరవై నిమిషాలు చాలు. ఆరు గంటలు ఆ కుర్చీల్లో ఎందుకు కూర్చుంటారు?" అనెను. అతడు తన సంస్థ పనిమీద ఏటేట విదేశములకు పోవువాడు. ప్రేమతోనే చెప్పెను. నేను ఒక రాత్రి గడువడిగితిని.

ఆ రాత్రి అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయము చదివితిని. సెమినరీలో దానిని గ్రీకులో చదివినప్పుడు ఓడల పేర్లు, గాలుల పేర్లు కంఠస్థము చేసితిమి గాని, అది మార్పులుగల ప్రయాణమని నా మనస్సునకు తట్టలేదు. పౌలు ఎక్కిన ఓడ అద్రముత్తియ పట్టణపుది. అది రోమాకు పోవునది కాదు. లుకియలోని మూరలో దిగి, ఇటలీకి పోవుచున్న అలెక్సంద్రియ ఓడ ఎక్కవలసివచ్చెను. తరువాత క్రేతు ద్వీపమున మంచిరేవులు అను చోట ఆగిరి. చలికాలమునకు ఆ రేవు అనుకూలముగా లేదు. ఇక్కడనుండి కదలవద్దని పౌలు చెప్పెను. శతాధిపతి పౌలు మాటకంటె నావికునియు ఓడ యజమానుడియు మాట నమ్మెను. ఎక్కువమంది ఆలోచనయు అదే. దక్షిణపు గాలి మెల్లగా వీచగానే తమ తలంపు నెరవేరినదనుకొనిరి. ఆ తరువాత జరిగినది మీకు తెలియును. 276 మంది ప్రాణములతో తప్పించుకొనిరి గాని, ఓడ దక్కలేదు, సరకు దక్కలేదు.

నావికుడు అబద్ధికుడు కాడు. సముద్రము అతనికి పౌలుకంటె ఎక్కువ తెలియును. అయితే పౌలు అంతకుమునుపే మూడుసార్లు ఓడ పగిలి శ్రమపడినవాడు. గాలి అనుకూలముగా ఉన్నప్పుడు ఏమి జరుగునో నావికుడు చెప్పెను. గాలి మారినప్పుడు ఏమి జరుగునో పౌలు చెప్పెను. టిక్కెట్టు విషయములో మనకు సలహా ఇచ్చువారును ఈ రెండు విధములవారే. తరచుగా పోవువాడు, అన్నియు సరిగా జరిగినప్పటి లెక్క చెప్పును. మొదటిసారి పోవువాడు, సరిగా జరుగనప్పటి లెక్క కూడ అడుగవలెను.

నేను ఆ లెక్క వేసితిని. ప్రతి విమానాశ్రయమునకును విమానము మారుటకు కావలసిన కనీస సమయమొకటి నిర్ణయింపబడి యుండును. దానికంటె తక్కువ వ్యవధితో ఒకే టిక్కెట్టుగా అమ్మరు. కాబట్టి 1 గంట 20 నిమిషములు తప్పుడు లెక్క కాదు. అయితే ఆ కనీసము దారి తెలిసినవానికి సరిపోవును. విమానము నేలనాని నిలిచి, తలుపు తెరచి, ముందువారందరు దిగి, నేను గడప దాటుసరికి 20 నిమిషములు. మరల సంచి తెరచి చూచు తనిఖీ వరుసలో మరి 20. తరువాతి విమానపు గేటు, అది బయలుదేరుటకు 15, 20 నిమిషములు ముందుగనే మూయుదురు. మిగిలినవి 20 నిమిషములు. ఆ 20 నిమిషములలో బోర్డు చదివి, దారి అడిగి, నడిచి పోవలెను. మొదటి విమానము అరగంట ఆలస్యమైనయెడల ఆ 20 నిమిషములును లేవు.

చవుక టిక్కెట్టు సంగతి మరియొకటి. ఒకే టిక్కెట్టుపై పోవునప్పుడు మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినయెడల, మనలను గమ్యము చేర్చు భారము అమ్మినవారిదే. తరువాతి విమానములో చోటు వారే చూపుదురు. పెట్టెలు సామాన్యముగా మొదటనే గమ్యపు చీటీ కట్టించుకొని పోవును. వేర్వేరు టిక్కెట్లైనప్పుడు, మొదటివాడు ఆలస్యము చేసినందుకు రెండవవాడు బాధ్యుడు కాడు. అతని దృష్టికి మనము రాని ప్రయాణికులము, అంతే. టిక్కెట్టు పోవును, మరల కొనవలెను. అనేక పర్యాయములు పెట్టె మధ్యలో తీసికొని, మరల అప్పగించవలసి వచ్చును. అందుకు ఆ దేశములోనికి ప్రవేశించు అనుమతి కావలసియుండవచ్చును. మిగిలిన 34,000 రూపాయలు ఒక్క గాలివానకు పోవును.

ఇంకొకటి కూడ చూచితిని. అమెరికా పోవువారు ఆ దేశమున మొదట దిగిన పట్టణముననే అధికారుల ప్రశ్నలకు జవాబు చెప్పి, తమ పెట్టెలు తీసికొని, సుంకపు తనిఖీ దాటవలెను. ఇంకొక ఊరు పోవలసియున్నయెడల ఆ పెట్టెలు అక్కడ మరల అప్పగించి వేరొక విమానము పట్టుకొనవలెను. అబుదాబి, డబ్లిన్ వంటి కొన్ని విమానాశ్రయములలో అమెరికా తనిఖీ ముందుగనే జరుగు ఏర్పాటున్నది; మిగిలిన చోట్ల సామాన్యముగా ఇదే పద్ధతి. కాబట్టి కుమార్తె యున్న పట్టణముననే తిన్నగా దిగు దారి, ఒక మార్పు తక్కువ అగుటయే గాక, అలసిన శరీరముతో పెట్టెలు లాగు శ్రమను తప్పించును.

ఇంత లెక్క వేసియు నా మనస్సు ఊగుచునే యుండెను. 6 గంటలు ఒంటరిగా పరదేశమున కూర్చుండుట యెట్లు? మరునాడు అమ్మాయితో ఈ సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "నాన్నా, అమ్మ ఒక్కతే వచ్చేదైతే ఏ టిక్కెట్టు కొనేవారు?" అని అడిగెను.

నాకు జవాబు వెంటనే దొరికెను. ఆమెను గంటా ఇరవై నిమిషముల మజిలీకి పంపియుండను. మూడు ముక్కల టిక్కెట్టుపై అసలే పంపియుండను. మన విషయములో ధైర్యము పేరిట తెగించుదుము, పొదుపు పేరిట తెగించుదుము. మనకు ప్రియమైనవారి విషయములో ఆలోచించుదుము. నేను 6 గంటల టిక్కెట్టు కొంటిని.

తేదీల విషయమై ఒక మాట చెప్పి ముందుకు పోవుదును. మన దేశమునుండి గల్ఫు వైపు పోవు విమానములలో అనేకములు అర్ధరాత్రి దాటిన తరువాతనే బయలుదేరును. టిక్కెట్టుపై 12వ తేదీ, 02:30 అని యున్నయెడల, అది 12వ తేదీ రాత్రి కాదు. 11వ తేదీ రాత్రి భోజనము చేసి విమానాశ్రయమున ఉండవలెను. విదేశ ప్రయాణమునకు 3 గంటలు ముందుగా చేరుమందురు గనుక, గుంటూరునుండి శంషాబాదుకు పోవువారు 11 మధ్యాహ్నమే బస్సెక్కవలెను. మరియు టిక్కెట్టుపై వ్రాయు గంటలన్నియు ఆయా ఊరి గంటలే. దోహా మనకంటె రెండున్నర గంటలు వెనుక. దుబాయి గంటన్నర వెనుక. డాలస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలమున పదకొండున్నర గంటలు వెనుక. హైదరాబాదులో 4కు బయలుదేరి దోహాలో 6కు దిగినట్లున్నను, అది రెండు గంటల ప్రయాణము కాదు, నాలుగున్నర గంటలది. మజిలీ లెక్క వేయునప్పుడు మాత్రము దిగు గంటయు, ఎక్కు గంటయు ఒకే ఊరివి గనుక వాటిని తిన్నగా తీసివేయవచ్చును. ఈ లెక్క వేలిమీద వేసి చూడక టిక్కెట్టు కొనరాదు.

నేను బయలుదేరిన రాత్రి శంషాబాదులో ఉరుములతో వర్షము పట్టుకొనెను. విమానము 2 గంటలు నేలమీదనే నిలిచెను. అది ఎవరి తప్పును కాదు. నా చుట్టు కూర్చున్నవారిలో కొందరు గడియారము చూచుకొనుచు, లేచుచు, కూర్చుండుచుండిరి. నేనును చూచుకొంటిని. ఆరులో రెండు పోగా నాలుగు. ఆ నాలుగు నాకు చాలును.

దోహాలో దిగునప్పటికి ఇద్దరు భార్యాభర్తల తరువాతి విమానము వెళ్లిపోయి యుండెను. వారిది ఒకే టిక్కెట్టు. బల్లయొద్ద నున్న అమ్మాయి వారికి మరునాటి విమానములో చోటు చూపెను. అలసిరి గాని కలతచెందలేదు. మరియొక యువకుడు వేర్వేరుగా కొనినవాడు. అతడు ఆ బల్లయొద్దనే నిలిచి, తండ్రికి ఫోను చేసి, మరల డబ్బు పంపుమని అడుగుట నేను వింటిని. ఆ తండ్రి ఎక్కడ అప్పు తెచ్చెనో ప్రభువునకే తెలియును.

దోహా విమానాశ్రయము ఒక పట్టణమంత యున్నది. నడిమి శాలలో పసుపుపచ్చని ఎలుగుబంటి బొమ్మ, తలమీద దీపముతో, రెండంతస్తుల యెత్తున కూర్చుండియుండును. తప్పిపోయినవారు దానిని గురుతు పెట్టుకొని కలిసికొందురు. లోపలనే ఒక చిన్న రైలు కూడ తిరుగును. నేను నా గేటు ఎక్కడనో ముందు కనుగొని, ముఖము కడుగుకొని, రక్తపు పోటు మాత్ర వేసికొని, ఒక కుర్చీలో కూర్చుండి వేదము తెరచితిని.

కొంత దూరమున ఒక స్త్రీ, నలువది యేండ్లు దాటినది, చేతిసంచి ఒడిలో పెట్టుకొని కదలక కూర్చుండెను. నా చేతిలోని తెలుగు పుస్తకము చూచి లేచి వచ్చెను. "బాబుగారూ, మీరు తెలుగోళ్లేనాండి? కువైట్ విమానం ఎక్కడాగుద్దండి?" అనెను. కోనసీమనుండి వచ్చినది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు తల్లియొద్ద నున్నారు. కువైట్‌లో ఇంటిపనికి పోవుచున్నది. టిక్కెట్టు కొనిన మనిషి, "దిగిన చోటే కూర్చో, పిలుస్తారు" అని చెప్పి పంపెనట. ఆమె అట్లే కూర్చుండెను. ఎవరును పిలువలేదు. 5 గంటలనుండి నీళ్లు కూడ త్రాగలేదు. అక్కడ త్రాగునీరు ఊరకనే దొరకునని ఆమెకు తెలియదు. మరుగుదొడ్డికి పోయినచో స్థలము తప్పుదునేమో అని భయపడినది.

బోర్డు చూచితిని. ఆమె విమానము 50 నిమిషములలో బయలుదేరును. గేటు వేరొక కొననున్నది. "అమ్మా, నాతో రండి" అంటిని. దారిలో నీళ్లు త్రాగించితిని. ఆ చిన్న రైలెక్కి దిగి, పొడుగైన నడవ వెంట ఇద్దరము వడిగా నడిచితిమి. మేము చేరునప్పటికి వరుసలో చివరివారు లోపలికి పోవుచుండిరి. ఆమె సంచిలోనుండి ఒక కొబ్బరి ఉండ తీసి నా చేతిలో పెట్టి, దండము పెట్టి, లోపలికి పోయెను. నేను దానిని ఆ గేటుయొద్దనే నిలిచి తింటిని. ఆమె పేరైనను అడుగలేదు.

సహోదరులారా, ఆ వర్షమును దేవుడు ఈమె కొరకే పంపెనని నేను చెప్పను. ఆ వర్షముననే ఒక తండ్రి అప్పుపాలయ్యెను గదా. దేవుని మార్గములను అంత సులభముగా లెక్కగట్టరాదు. నేను చెప్పునది చిన్న సంగతి. నాకు సమయమున్నది గనుక నేను లేవగలిగితిని. నా మజిలీ 1 గంట 20 నిమిషములే యైనయెడల, అక్కడ నిలువవలసివచ్చినను నేను బల్లయొద్ద టిక్కెట్టు కొరకు బతిమాలుకొనుచుందును. ఆమె మాట నా చెవినిబడదు. యెరికో దారిలో యాజకుడును లేవీయుడును ఎందుకు ప్రక్కగా పోయిరో వాక్యము చెప్పదు. తొందరలో నుండిరేమో అని నాకు తోచుచుండును. తొందరలో నున్నవాడు చెడ్డవాడు కానక్కరలేదు. అతనికి ప్రేమించుటకు వ్యవధి లేదు, అంతే.

నేను డాలస్ సమయమునకు చేరితిని. పెట్టెలో సొంఠిపొడియు కాయమును ఉన్నవని అధికారికి దాచక చెప్పితిని. అతడు చూచి పోనిచ్చెను. 8 దినములకు మనుమరాలు పుట్టెను. ఆమెకు అమ్మమ్మ పేరు పెట్టిరి.

ఆనాటినుండి టిక్కెట్టు చూపించిన ప్రతివానికిని నేను ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

ఒకటి, సాధ్యమైనంతవరకు మొదటినుండి చివరివరకు ఒకే టిక్కెట్టుగా కొనుడి. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండు దేశమున అగ్నిపర్వతము బూడిద కక్కగా ఐరోపాలో విమానములు దినములకొలది నిలిచిపోయెను. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో ఎన్నడు లేని వర్షము కురిసి, విమానాశ్రయము నీటిపాలై, వేలమంది చిక్కుకొనిరి. అట్టి దినములు ఎవరికైనను రావచ్చును. అప్పుడు మనలను అడుగుటకు ఒక సంస్థ యుండవలెను. మందులు, ఒక జత బట్టలు పెద్ద పెట్టెలో గాక చేతిసంచిలో నుండవలెను.

రెండు, మొదటిసారి ఒంటరిగా పోవువారికి మజిలీ 3 మొదలు 6 గంటలు మంచిదని నాకు తోచును. రాత్రంతయు కుర్చీలో గడుపు 12, 15 గంటల మజిలీలు చవుకగా దొరకును గాని, పెద్దవారికి, మధుమేహము గలవారికి అవి తగవు.

మూడు, కొన్ని దేశములు తమ నేలమీద విమానము మారుటకే వేరొక అనుమతి అడుగును. అది పాస్‌పోర్టును బట్టియు, మనయొద్దనున్న వీసాను బట్టియు మారును. ఆ నియమములు తరచుగా మారుచుండును గనుక, డబ్బు కట్టకమునుపే ఆ దేశపు రాయబార కార్యాలయపు మాట తెలిసికొనవలెను. ఏజెంటు మాట చాలదు.

నాలుగు, చదువురానివారు, మోకాళ్లనొప్పులవారు సిగ్గుపడక సహాయము కోరుడి. టిక్కెట్టు కొనునప్పుడే చెప్పినయెడల, నడువలేనివారికి చక్రముల కుర్చీ ఇచ్చి గేటువరకు చేర్చుదురు. నడువగలిగి, దారి మాత్రము తెలియనివారికి తోడు మనిషిని ఇచ్చు ఏర్పాటు కూడ కొన్ని సంస్థలలో ఉన్నది. ఉన్న అవసరము ఉన్నట్టే చెప్పుడి. కాళ్లున్నవాడు కుర్చీ కోరినయెడల, లేనివాడు ఎదురుచూడవలసివచ్చును.

చివరగా మరియొక సంగతి. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక మనకందరికి ప్రియమైనది. అది ఎందుకు వ్రాసెనో 15వ అధ్యాయములో ఆయనే చెప్పుచున్నాడు. ఆయన స్పెయినుకు పోవ తలంచెను. దారిలో రోమాలో దిగి, అక్కడి సహోదరులను చూచి, వారి సహవాసమువలన కొంత సంతృప్తి పొంది, వారిచేత సాగనంపబడి ముందుకు పోవలెనని ఆయన కోరిక. అనగా ఆనాటి ఆలోచనలో రోమా ఆయన గమ్యము కాదు, మజిలీ. తరువాత స్పెయిను చేరెనో లేదో లేఖనము మనకు చెప్పదు. మజిలీకి వ్రాసిన పత్రిక మాత్రము నేటికిని మన బల్లలమీద నున్నది.

మనమును ఈ లోకమున పరదేశులము, యాత్రికులము. గమ్యము మీద కన్నుంచుట మంచిదే. అయితే ప్రభువు మనకు పని యప్పగించునది తరచుగా మార్గమధ్యముననే. కాబట్టి విమానమెక్కువారైనను, ఎక్కనివారైనను, మీ దినములను మరీ బిగించి కట్టుకొనకుడి. కొంత వ్యవధి విడిచిపెట్టుడి. మీ ప్రక్కను నీళ్లు త్రాగక కూర్చున్నవారు ఎవరైన ఉండవచ్చును.

ఈ నెలలో మన సంఘములనుండి మొదటిసారి ఒంటరిగా సముద్రము దాటుచున్న సహోదరీ సహోదరులను ప్రభువు తన చేతి నీడలో క్షేమముగా చేర్చునుగాక. ఆమేన్.